ఒక్కరి ఊరేగింపు

మా కాలనీ మొగలో నిన్న పొద్దున్న ఫ్లెక్సీ కట్టారు. అమ్మవారి పండగ మళ్ళీ వచ్చింది. ఫ్లెక్సీ నిండా నాయకులే. దణ్ణం పెడుతున్నవాళ్ళు, చెయ్యూపుతున్నవాళ్ళు, నల్లకళ్ళద్దాల వాళ్ళు. అమ్మవారిని మాత్రం కింద ఓ మూలకి సర్దేశారు. పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినవాణ్ణి అక్కడే నిలబడి ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాను. నేను వెతికే మొహం అందులో ఉండదని తెలుసు. పోయిన వానాకాలంలో ఆవిడ చనిపోయింది. బతికుండగా ఎవరైనా తన ఫోటో అక్కడ వేసుంటే ఆవిడే వచ్చి చింపేసేది.

ఏళ్ళ తరబడి ఈ పండగకి ఘటం మోసింది ఆవిడే. మా పక్కింటి మనిషి. పేరు రాయను. రాస్తే, ఆ పేరుతో ఓ ఆర్చి కట్టించి దానిమీద కూడా వాళ్ళ మొహాలే వేసుకుంటారు ఈ మహానుభావులు.

నేను గోదావరి జిల్లా వాణ్ణి. పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరాను. గాజువాక దాటాక ఈ కాలనీలో కాస్త చవగ్గా స్థలం దొరికితే ఇల్లు కట్టుకున్నాను. ఇక్కడివాళ్ళంతా ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు. వస్తూ వస్తూ వాళ్ళ అమ్మవారినీ తెచ్చుకున్నారు. నా జుట్టు ఇక్కడే నెరిసింది గానీ వాళ్ళకి నేనింకా కొత్తవాణ్ణే. ఆవిడకీ నేను ‘గోదారి బాబు’నే. అయితే ఆవిడ నోట్లో ఆ మాటకి వెక్కిరింత ఉండేది తప్ప వేరుచెయ్యడం ఉండేది కాదు. నేనూ మా ఆవిడా ఆమెని అప్పా అని పిలిచేవాళ్ళం. ఇక్కడ అక్కని అలాగే అంటారు.

ఆవిడ నడక ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. నెత్తి మీద ఏమీ లేకపోయినా ఉన్నట్టే నడిచేది. మెడ ఇటూ అటూ తిప్పేది కాదు. వెనకనించి పిలిస్తే మలుపులో బస్సు తిరిగినట్టు మనిషంతా తిరిగేది. కూర్మన్నపాలెం జంక్షన్లో ఆటోస్టాండు పక్కన గోనెపట్టా పరుచుకుని వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు, మధ్యలో పనసతొనలు అమ్మేది. బేరమాడేవాళ్ళంటే సరదా. ఎవడైనా మరీ గీసి గీసి బేరమాడితే “ఒగ్గీ బాబూ, నివ్వు కొనవు. ఇంటికెల్లి మీ ఆవిడ్ని అడిగి రా” అనేది. ఆటోవాళ్ళంతా నవ్వేవారు. వాడు సిగ్గుపడి కొనుక్కుపోయేవాడు.

దేనికైనా ఒక్కటే మాట. “అదీ సూద్దుం.” తుపానుకి రేకు ఎగిరిపోయినా, జంక్షన్లో పోలీసులు గోనెపట్టా తన్నేసినా, మోకాలు నొప్పికి డాక్టరు ఆపరేషనన్నా, అదీ సూద్దుం. పెళ్ళైన కొత్తలోనే మొగుడు పోయాడు. మిగిలింది ఒక్క కూతురు. ‘నా గుంట’ అనేది ఆ పిల్లని. అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో చేరి, అక్కడే పనిచేసే కుర్రాణ్ణి చేసుకుంది ఆ పిల్ల. ఆదివారం వస్తే చాలు, తల్లికి తలంటు పోసి, జడ వేసి, వీధి అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళేది. ఆ సాయంత్రం ఆవిడ ఎవరితోనూ దెబ్బలాడేది కాదు.

ఘటం సంగతి చెప్పాలి. పండగ మొదలయ్యే రోజున పసుపు పూసిన ఇత్తడి బిందెలో నీళ్ళు పోసి, వేపమండలు పెట్టి, పైన దీపం వెలిగించి, అమ్మవారిని అందులోకి పిలుస్తారు. అది ఆవిడింట్లో నిలుస్తుంది. రోజూ సాయంత్రం నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఇంటింటా ఆవిడ కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తారు. ఆఖరిరోజు ఊరు ఊరంతా డప్పులతో పొలిమేర దాకా వెళ్ళి తల్లిని సాగనంపుతుంది. దాన్ని అనుపు అంటారు. కాలనీకి పొలిమేరేమిటని అడక్కండి. హైవే పక్కన కల్వర్టుని పొలిమేర అనుకున్నారు. అనుపు అయ్యేదాకా ఘటమున్న ఇంట్లో నీసు వండకూడదు, దీపం ఆరకూడదు. మోసే మనిషి పొలిమేర దాటకూడదు, ఇంకో ఇంట్లో పడుకోకూడదు, చావింటికీ రోగమున్న ఇంటికీ వెళ్ళకూడదు. మామూలుగా అయితే వారం, మహా అయితే పది రోజుల ముచ్చట.

కరోనా వచ్చిన ఏడాది మార్చిలో, ఆదివారం ఒక్కరోజు ఎవరూ ఇళ్ళు కదలొద్దని ప్రకటన వచ్చింది. పండగ కమిటీ కూర్చుంది. కమిటీ ప్రెసిడెంటు లారీల కాంట్రాక్టరు. ఏ పార్టీ వస్తే ఆ పార్టీ. ఆయన అన్నాడు: “శనివారం ముహూర్తం బాగున్నాది. ఘటం నిలిపీద్దుం. ఆదివారం అందరం ఇంట్లో కూకుంటాం. సోమవారం నుంచి తల్లి తిరుగుతాది. ఒక్కరోజుకేటి?”

“ఊరు తిరగనేనప్పుడు తల్లిని లేపడం దేనికి బాబూ? రెండ్రోజులాగుదుం” అంది ఆవిడ.

“అప్పా, మోసీది నీ పని. ముహూర్తం మా పని” అన్నాడాయన. అందరూ నవ్వారు. శనివారం ఘటం నిలిపారు. ఆ తర్వాత దేశం దేశమే తలుపులేసుకుంది.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ అమ్మవారితో మాట్లాడే మాటలన్నీ మాకు వినబడేవి. “లే తల్లీ, దీపమెట్టినాను. ఇయ్యాల కూడా ఎవులూ రారు. నివ్వూ నానే.” ఇంకోసారి, “నీకేటి, కూకుని తింటన్నావు. ముంజల రోజులు ఎల్లిపోతన్నాయి. జంక్షన్లో కూకుందునా, నీకాడ కూకుందునా?” మొదట్లో మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. రోజులు నెలలయ్యాక నవ్వడం మానేసి, ఇంత అన్నమూ పప్పూ గోడమీంచి అందించడం మొదలుపెట్టింది. 

ఆదివారం కూతురు రావడం ఆగిపోయింది. ఫోన్లో మాట్లాడుకునేవారు. “తల ఎవులంటతన్నారే?” అని అటునించి అడిగేది కాబోలు ఆ పిల్ల. “తల్లికి నాను, నాకు తల్లి” అనేది ఈవిడ.

వేసవి మధ్యలో ఓ రోజు నన్ను తోడు తీసుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళింది. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. లోపల కుర్చీలో ఆఫీసరు. కుర్రాడే, మర్యాదస్తుడే. అనుపు చేసుకుంటామని చెప్పాను.

“ఎంతమంది?” అన్నాడు.

“ఒక్కద్దాన్నే బాబూ. నెత్తి మీద తల్లి. అంతే.”

“డప్పులు, మైకు?”

“నేవు.”

“అయినా మతపరమైన ఊరేగింపులకి అనుమతి లేదండి.”

“ఒక్క మనిసి నడిత్తే ఊరేగింపేటి బాబూ?”

ఆ కుర్రాడు నిజంగానే ఆలోచించాడు. నేను చూశాను. కాసేపటికి అన్నాడు: “మీరు బయల్దేరితే చూడ్డానికి జనం వస్తారు. జనం వస్తే గుంపు. గుంపు అయితే కేసు.”

“తలుపులేసుకోమని మీరే సెప్పండి.”

“అలా చెప్పమని మాకు ఆర్డర్స్ లేవండి. ఇంట్లోనే కానిచ్చెయ్యండి.”

“ఇంట్లో అనుపేటి బాబూ? పంపాల్సిందే ఇంట్లోంచి కదా!”

ఆయన మాస్కు సర్దుకుని ఇంకో కాగితం తీసుకున్నాడు. మేం తిరిగొస్తుంటే జంక్షన్లో బ్రాందీషాపు ముందు బారు. ముగ్గుతో గళ్ళు గీశారు, ఆ గళ్ళలో ఎవడూ లేడు, అందరూ ఒకడి వీపు మీద ఒకడున్నారు. పక్కనే పోలీసు లాఠీ పట్టుకుని బారు చెడకుండా కాపలా కాస్తున్నాడు. ఆవిడ ఆగింది. మనిషంతా తిరిగి చూసింది.

“ఈలంతా ఎవుల్ని అనపడానికి ఎల్తన్నారు బాబూ?” అంది.

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక ముసలిది ఒంటరిగా కల్వర్టు దాకా నడిస్తే వ్యాపించే రోగం, ఇక్కడ మాత్రం బారు చూసి భయపడి పారిపోతుందన్నమాట. ఆఫీసరు మీద కోపం కాదు. అతనికి పైన రాసిచ్చినవాళ్ళున్నారే, వాళ్ళ మీద. వాళ్ళలో ఒకరు ఆ వారమే మా పక్క కాలనీలో శంకుస్థాపనకి వచ్చారు. పూలదండలు, టపాకాయలు. దండ వెయ్యడానికి ఎగబడ్డవాళ్ళలో మా ప్రెసిడెంటు ముందున్నాడు.

ఆవిడ ఆయన దగ్గరికీ వెళ్ళింది. తెల్లారకముందే ఎవరికీ తెలియకుండా కల్వర్టు దాకా వెళ్ళి దింపేసి వస్తానంది. ఆయన అంత ఎత్తున లేచాడు. “తల్లిని దొంగలా పంపుతావేటి? పులేసాలుండాలి, తప్పెటగుల్లుండాలి, ఊరంతా ఉండాలి. మా పరువేటవ్వాల?” పరువంటే ఆయన ముందు నడవడం. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. 

వానలు పడ్డాక అచ్యుతాపురం నించి అల్లుడు ఫోన్ చేశాడు. పిల్లకి జ్వరం, ఆయాసం. ఓ కాలేజీ భవనాన్ని కోవిడ్ సెంటరు చేశారు, అక్కడ చేర్చుకున్నారు. అమ్మని చూడాలంటోందని చెప్పాడు.

అప్పుడు ఆవిడ ఘటాన్ని చంకనెత్తుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది. ఒక్కరోజు ఉంచుకోండి, దీపం ఆరకుండా చూడండి, నా గుంటని చూసి వచ్చేస్తాను అని. ప్రెసిడెంటు ఇంట్లో పూజగది మీద పడగ్గది ఉందట, తల్లికి మైలట. సెక్రెటరీ ఇంట్లో కోడలు నెల తప్పిందట. ఒకళ్ళు గేటు దగ్గరే చేతులు జోడించి, కళ్ళకద్దుకుని, లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఏళ్ళకేళ్ళు ఆ కాళ్ళమీద పసుపునీళ్ళు పోసి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నవాళ్ళు వీళ్ళంతా.

మా ఆవిడ వీధిలోకి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. “మా ఇంట్లో పెట్టండప్పా. నేను చూసుకుంటాను. మీరు వెళ్ళండి” అంది. నేను అప్పటికే మా దేవుడి గూడు ఖాళీ చేశాను. ఆ మాట ఎలా చేరిందో, ప్రెసిడెంటు మోటార్‌సైకిల్ మీద దిగాడు.

“బావా, నివ్వు మంచోడివే, కాదన్ను. కానీ మీది గోదారి. ఇది మా ఊరి తల్లి. మీ ఇంట్లో నిలవదు.”

“మీ ఇంట్లో నిలవదు, మా ఇంట్లో నిలవదు. మరి ఎక్కడ నిలుస్తుందండీ?” అన్నాను.

“ఆవిడింట్లోనే. కట్టుబాటు అదీ.” ఆవిడ వైపు తిరిగి, కాస్త గొంతు తగ్గించి అన్నాడు: “ఒగ్గీసి ఎల్తే తల్లికి కోపమొత్తాది అప్పా. ఎవులికి తగుల్తాదో ఆలోసించుకో.”

ఆ మాటతో ఆవిడ కూలబడిపోయింది. అంతవరకూ ఎవరికీ లొంగని మనిషి. ఆవిడ అమ్మవారిని నమ్మినట్టు ప్రెసిడెంటు ఏనాడూ నమ్మలేదు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా అనగలిగాడు. “నాను కదిల్తే నా గుంటకే తగుల్తాది బాబూ” అంటూ ఘటం పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. ఆ రాత్రీ, మర్నాడూ గోడవతల ఒకటే గొణుగుడు. పిల్లని కాపాడమని కాదు. కోపం తెచ్చుకోవద్దని బతిమాలడం.

ఆ మర్నాడు పొద్దున్నే అల్లుడు మళ్ళీ చేశాడు. ఆక్సిజన్ పెట్టారట. ఆవిడ గోడ మీద దబదబా బాదింది. నేను వెళ్ళేసరికి ఘటానికి చీర చుట్టి, చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఒగ్గీసి ఎల్తేనే కదా కోపం? తీసుకునే ఎల్తాను. స్కూటర్ తియ్యి బాబూ.”

నా దగ్గర పోర్టు పాసు ఉంది. ఆవిడ దగ్గర ఏమీ లేదు. వెనక కూర్చుని ఒళ్ళో ఘటం పెట్టుకుంది. దీపం గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. కల్వర్టు దగ్గర అలవాటుకొద్దీ నెమ్మది చేశాను. “ఆపకు. పోనీ” అంది. లంకెలపాలెం దగ్గర పోలీసులు ఆపారు. కానిస్టేబులు పాసడగబోయి, చీరలోంచి కనబడుతున్న వేపమండలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. వీడు మాత్రం ఇక్కడివాడే. మాస్కు కిందనించి ఏదో గొణుక్కుని, దణ్ణం పెట్టి, బారికేడు పక్కకి జరిపాడు.

సెంటరు గేటు దగ్గర లోపలికి వదల్లేదు. అది మామూలే, ఎవర్నీ వదలటంలేదు. గేటు పక్కన మట్టిలో కూర్చుంది. లోపల ఎవరో ఒకరికి చెప్పమని నేను గేటువాణ్ణి బతిమాలాను. చివరికి అల్లుడు వెనక గేటు వైపునించి వచ్చాడు. అతనికీ మాట సరిగా రావడంలేదు. ఆ పిల్ల తెల్లవారుజామునే పోయిందట. మాకు ఫోన్ చేసేటప్పటికి అతనికింకా చెప్పలేదట లోపలివాళ్ళు. తీసుకుపోవడం కూడా అయిపోయింది. వెనక గేటునించి వ్యాను, నలుగురు మనుషులు, వాళ్ళెవరో ఇతనికీ తెలీదు. మొహం చూపించమంటే అతనికే చూపించలేదట. చూసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆవిడ ఘటానికి చుట్టిన చీర విప్పి, మీది దీపం నోటితో ఊదేసింది. వేపమండలు తీసి పక్కన పెట్టి, బిందె వంచి నీళ్ళు మట్టిలో పోసేసింది.

“ఎల్లు తల్లీ” అంది. “ఇక్కడిదాకా తెచ్చినాను. నా గుంటని సూడ్డానికి నీతో కలిసి వచ్చినాను. ఇంక నివ్వెక్కడికెల్తావో ఎల్లు. నా ఇంటికి మాత్రం రాకు.”

ఆ రోజే అనుపు అయింది. డప్పు లేదు, జనం లేదు, పర్మిషన్ లేదు. ఖాళీ బిందె ఒళ్ళో పెట్టుకుని నా వెనక కూర్చుని తిరిగొచ్చింది.

కాలనీ ఊరుకుంటుందా? ఊరి తల్లిని పరాయి గేటు దగ్గర పారబోసి వచ్చిందన్నారు. ఆ సీజన్లో ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు పోయినా, ఆవిడ చేసిన పనివల్లే. శంకుస్థాపనకి ఎగబడి వెళ్ళి మంచమెక్కినవాళ్ళది కూడా ఆవిడ ఖాతాలోనే వేశారు. కూతురి చావుకి పలకరించడానికి ఎవరూ రాలేదు. మొదట రూల్సు అన్నారు. రూల్సు సడలాక ఆవిడ చేసింది తప్పన్నారు. మా ఆవిడ రోజూ వెళ్ళి పక్కన కూర్చునేది. ఆవిడ ఏడ్చేది కాదు, మాట్లాడేది కాదు. మళ్ళీ జంక్షన్లో తేగలు పెట్టుకుంది. బేరమాడేవాళ్ళు అడిగిన ధరకే ఇచ్చేసేది.

మరుసటి ఏడాది కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. ఎన్నికలనగానే గుంపులకున్న దోషాలన్నీ పోయాయి. ఇంటింటికీ జనం, సందు సందుకీ డప్పులు. ఎన్నికల ముందు అనుపు ఘనంగా చెయ్యాలని ప్రెసిడెంటుకి తట్టింది. ఆవిడ దగ్గరున్నది పాత ఊరినించి వచ్చిన బిందె, అదే కావాలి. కమిటీని వెంటేసుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను మా అరుగు మీదే ఉన్నాను.

“అప్పా, ఘటం ఇవ్వు. పర్మిషనొచ్చీసింది. ఎంతమందైనా రావొచ్చు.”

ఆవిడ లోపలికి వెళ్ళి తెచ్చింది. పసుపు మచ్చ ఒక్కటి లేకుండా చింతపండుతో తోమి ఉంది. నిండా నీళ్ళు. పైన బోర్లించిన స్టీలు గ్లాసు.

ప్రెసిడెంటు మొహం మాడిపోయింది. “ఇదేటిది? దీంతో నీల్లు తాగుతన్నావా?”

“దాహమేత్తే తాగుతన్నాను.”

“తల్లి ఘటం అప్పా! పాపం తగల్దా?”

“తగిల్నాది బాబూ” అంది ఆవిడ. గొంతు కూడా పెంచలేదు. “ఇదే అట్టుకుని మీ గుమ్మాలన్నీ ఎక్కినాను. ఒక్కరోజు ఉంచుకోండి, నా గుంటని సూసొత్తానన్నాను. ఆ రోజే తగిల్నాది. నాకే తగిల్నాది. మీకెవులికీ తగిలినట్టు నేదు.”

నీళ్ళు గుమ్మం పక్క మొక్కకి పోసి, గ్లాసు తను ఉంచుకుని, బిందె అరుగు మీద పెట్టింది. ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. సెక్రెటరీ భుజం మీది తువ్వాలుతో పట్టుకుని తీసుకుపోయాడు. ఏం శాంతులు చేశారో, ఎవరిచేత మోయించారో నేను కనుక్కోలేదు.

అనుపు రోజు సాయంత్రం కాలనీ మొత్తం కదిలింది. అంత జనాన్ని నేను ఈ వీధిలో ఎప్పుడూ చూడలేదు. మాస్కు ఒక్కడికి లేదు. తప్పెటగుళ్ళు, పులివేషాలు, ముందు ప్రెసిడెంటు, ఆయన పక్కన అభ్యర్థి. ఆవిడ తలుపు వేసుకుని లోపలే ఉంది. ఆ గుమ్మం ముందు ఘటం ఆగలేదు. డప్పులు హైవే వైపు సాగిపోయాక, వీధిలో మనిషన్నవాడు లేకుండా పోయాక, ఆవిడ ఏడ్చింది. కూతురు పోయిన తర్వాత అదే మొదలు. పేరు పెట్టి పిలుస్తూ, చిన్నప్పటినించీ ఆ పిల్ల చేసినవన్నీ ఒకటొకటీ చెప్పుకుంటూ, రాగం తీసి ఏడ్చింది. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని అందుకోవలసిన ఏడుపు అది. మా ఆవిడ స్టవ్ ఆపేసి ఆ ఇంటికి పరుగెత్తింది. నేనూ వెళ్ళి ఆవిడ అరుగు మీద కూర్చున్నాను. ఎంతమందైనా గుమిగూడొచ్చని పర్మిషనున్న ఆ రోజున, ఆ పిల్ల చావుకి మేమిద్దరమే వచ్చాం.